రాతి పళ్లెం నుంచి రోటి దాకా

మొదటి రోజు: కర్నూలు, అనంతపురం

బయలుదేరే ముందు కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఉగ్గాణి తిన్నాం. బొరుగులను నీళ్లలో ముంచి, చేత్తో పిండి, ఉల్లిపాయలు మగ్గిన తిరగమోతలో వేసి నాలుగుసార్లు కలిపితే అయిపోయే వంట అది. పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చారు. మా చెల్లెలి కూతురికి పద్నాలుగేళ్లు. పుట్టి పెరిగింది శాన్ ఫ్రాన్సిస్కోలో. మొదటి ముద్ద మింగగానే సంచిలోంచి చిన్న నోటు పుస్తకం తీసింది.

"పెద్దమ్మా, దీనికి చీటీ ఏమని రాయాలి?"

ఈ చీటీల సంగతి చెప్పాలంటే 2016 అక్టోబరుకు వెళ్లాలి. నేను కర్నూలులో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతాను. ఆ ఏడు చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు అది నన్ను మొట్టమొదట తీసుకెళ్లింది అక్కడి ఆధునిక కళా ప్రదర్శనశాలకు. మారియో బొట్టా రూపొందించిన 1995 నాటి ఇటుక భవనం వెనక కొత్త విస్తరణ కట్టి, ఆ మే నెలలోనే తెరిచారు. నార్వేకు చెందిన స్నోహెట్టా సంస్థ గీసిన పది అంతస్తుల తెల్లని కట్టడం. గోడంతా అలలు అలలుగా ముడతలు. అక్కడి సముద్రపు పొగమంచును, నీటిని చూసి ఆ రూపం తీసుకున్నారట. నాకు మాత్రం దండెం మీద గాలికి ఊగుతున్న తెల్లచీర కనబడింది. మూడో అంతస్తులో వేల మొక్కలతో నిలువుగా పెంచిన పచ్చని గోడ ఉంది. కింది అంతస్తులో శిల్పి రిచర్డ్ సెర్రా చేసిన తుప్పురంగు ఉక్కు గోడలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య నడుస్తుంటే బెలూం గుహల్లో మలుపు తిరిగినట్టే ఉంది.

ఆ విస్తరణతో పాటే అక్కడ ఒక భోజనశాల మొదలైంది. పేరు ఇన్ సిటు. దాన్ని నడిపిన వంటమాస్టరు కోరీ లీ అక్కడ తన సొంత వంటలు వండలేదు. ప్రపంచంలోని పేరున్న వంటవాళ్ల వంటలను వాళ్ల దగ్గరే నేర్చుకుని, అచ్చు అలాగే చేసి వడ్డించాడు. వంటల పట్టీలో ప్రతి వంటకూ దాన్ని సృష్టించిన మనిషి పేరు, వంటశాల, ఊరు, సంవత్సరం ఉండేవి. బొమ్మ పక్కన గోడకు అంటించే చీటీలో ఉన్నట్టే. మేం తిన్నవాటిలో ఒకటి నిమ్మకాయ టార్టు అనే తీపి వంట. ఇటలీలోని మోదెనా నగరంలో మాస్సిమో బొట్టూరా వంటగదిలో ఒకనాడు ఆ టార్టు చేజారి పగిలింది. ఆయన దాన్ని పారేయనివ్వకుండా, ఆ పగిలిన రూపంలోనే వడ్డించడం మొదలుపెట్టాడు. మా పళ్లెంలోకి కూడా అది పగిలే వచ్చింది. పులుపు, తీపి, కరకర. ఇప్పటికీ ఆ రుచి నాలుక మీద ఉంది.

ఇన్ సిటు అంటే లాటిన్‌లో ఉన్నచోటనే అని. తవ్వకాల్లో ఒక వస్తువు కదలకుండా, మొదట ఉన్న తావులోనే దొరికితే పురావస్తు శాస్త్రవేత్తలు ఆ మాట వాడతారు. చేయి కడుక్కుని బయటికి వచ్చేటప్పుడు నన్ను పట్టుకున్న ఆలోచన ఇది: ఆ బల్ల మీద ఏ వంటా ఉన్నచోట లేదు. ఇటలీది ఇటలీలో లేదు, డెన్మార్కుది డెన్మార్కులో లేదు. మరి మా ప్రాంతంలో కదలని వంటలు, కదలని బొమ్మలు ఉన్నాయి కదా, వాటికి చీటీ ఎవరు రాశారు? కరోనా కాలంలో మూతపడిన ఆ భోజనశాల మళ్లీ తెరుచుకోలేదని చెల్లెలు ఫోనులో చెప్పినప్పుడు నిజంగానే బాధపడ్డాను. పోయిన డిసెంబరులో వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఈ ప్రయాణం పెట్టుకున్నాం. బొమ్మ ఉన్నచోటికి వెళ్లి చూడాలి, అక్కడిదే తినాలి, పిల్ల చీటీ రాయాలి.

ఉగ్గాణి వేస్తున్న ఆయన్ను ఎప్పటి నుంచి చేస్తున్నారని అడిగాం.

"వరద వచ్చిన ఏడు ఈ బండి పెట్టానమ్మా."

పిల్ల నా ముఖం చూసింది. 2009 అక్టోబరు అని చెప్పాను. తుంగభద్ర, హంద్రీ నదులు ఊళ్లోకి వచ్చిన ఆ రోజులు ఇక్కడ ఎవరికీ తేదీ చెప్పి గుర్తు చేయాల్సిన పని లేదు. మా అమ్మ ఇల్లు కూడా అప్పుడు నీళ్లలోనే ఉంది.

అనంతపురం చేరేసరికి చీకటి పడింది. తెలిసినవాళ్ల ఇంట్లో వేడి ఓళిగలు, నెయ్యి. అలసటలో చీటీ రాయడం మరిచిపోయి పడుకున్నాం.

రెండో రోజు: లేపాక్షి

తెల్లవారుజామునే కారెక్కాం. లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. మా నోట్లో మాత్రం అది ఇంకా అనంతపురం జిల్లా లేపాక్షే.

ఊళ్లోకి వెళ్లే దారిలో ముందు నంది పలకరిస్తుంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. మెడలో గంటలు, పట్టెడలు ఎంత వివరంగా చెక్కారంటే, పిల్ల వాటిని గీయడానికే అరగంట తీసుకుంది. నేను తొందరపెట్టలేదు. బొమ్మను చూడటం అంటే గీయడమే అని నా నమ్మకం. చేయి కదిలితేనే కన్ను పూర్తిగా తెరుచుకుంటుంది.

వీరభద్రాలయం తాబేలు వీపులాంటి గుట్ట మీద ఉంది. కూర్మశైలం అంటారు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. అందరూ ముందు వేలాడే స్తంభం కిందికి కండువా దూర్చడానికి పోతారు. మేమూ దూర్చాం. కానీ నా మనసు పైకప్పు మీద ఉంది.

ఆ కప్పు మీది బొమ్మల కింద ఎంతసేపైనా నిలబడగలను. మన్ను ఎరుపు, పసుపు, మసి నలుపు, సున్నపు తెలుపు. ఇంత తక్కువ రంగులతో పార్వతి పెళ్లి, అర్జునుడి తపస్సు, ద్రౌపది స్వయంవరం. పార్వతిని పెళ్లికూతురిని చేస్తున్న చోట చెలికత్తెల చీరలు చూడండి. ఒక్కో చీర అంచు ఒక్కో తీరు. చుక్కలు ఒకచోట, గళ్లు ఒకచోట, హంసలు మరోచోట. కొన్నిచోట్ల పెచ్చులు ఊడిపోయి సున్నం కనబడుతోంది. పెచ్చు ఊడిన అంచు దగ్గర గీత ఎక్కడ ఆగిందో చూస్తే, కుంచె ఎత్తకుండా ఎంత దూరం లాగారో తెలుస్తుంది. చెల్లెలు మెడ పట్టుకుని కూర్చుండిపోయింది. పిల్ల మాత్రం మూడు చీర అంచులు పుస్తకంలోకి దించుకుంది.

అక్కడి నుంచి ఆలయం వెనకవైపు నాగలింగం దగ్గరికి వచ్చాం. ఏడు పడగల పాము, చుట్టలు చుట్టుకుని, మధ్యలో లింగాన్ని పట్టుకుని ఉంటుంది. దాని కథ చిన్నప్పుడు మా నాన్న చెప్పాడు, ఇప్పుడు నేను పిల్లకు చెప్పాను. మధ్యాహ్నం అన్నానికి శిల్పులు వచ్చారట. వాళ్ల తల్లి ఇంకా వంట చేస్తోంది. ఊరికే కూర్చోవడం ఎందుకని ఎదురుగా ఉన్న గుండును చెక్కడం మొదలుపెట్టారట. అన్నం ఉడికి ఆమె బయటికి వచ్చేసరికి నాగుపాము లేచి నిలబడి ఉంది. ఆమె ఆశ్చర్యంగా చూసిన చూపుకు దిష్టి తగిలి రాయి చీలిందని చెబుతారు. బీట ఇప్పటికీ కనబడుతుంది.

"ఆవిడ ఏం వండిందట?" అని అడిగింది పిల్ల.

ఎన్నిసార్లు విన్నానో ఈ కథ, ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. చెక్కినవాళ్ల పేరు ఆ కథలో లేదు, వండిన తల్లి పేరూ లేదు. కానీ శిల్పానికి పట్టిన కాలాన్ని కొలిచింది ఆమె కుండ. పొయ్యి మీద అన్నం ఉడికినంత సేపు.

ఆ తర్వాత, నేను దాచి ఉంచిన చోటికి తీసుకెళ్లాను. ఆవరణలో నేలబండ మీద పళ్లేలు చెక్కి ఉన్నాయి. పళ్లేలంటే విడిగా ఉన్నవి కావు. నేలే పళ్లెం. గుండ్రటి గట్టు, దాని లోపల గిన్నెల్లాంటి చిన్న చిన్న గుంటలు. అన్నం ఇక్కడ, పప్పు ఇక్కడ, పచ్చడి ఇక్కడ అని చూపించినట్టు. శిల్పులు ఇందులోనే తినేవారని కొందరు, చిత్రకారులు రంగులు కలుపుకొనేవారని కొందరు చెబుతారు. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ఒక గుంటలో అరచేయి పెట్టింది. సరిగ్గా పట్టింది. డిసెంబరు పొద్దు వల్ల బండ ఇంకా చల్లగానే ఉంది. గుంట అడుగు నున్నగా ఉంది, గట్టు మాత్రం గరుకుగా ఉంది. నేనూ చేయి పెట్టి చూశాను. రంగులు కలిపే పలకలోనూ ఇలాంటి గుంటలే, విస్తరాకులో వంటలు సర్దుకునే తీరూ ఇదే. పొద్దున రంగు కలిపిన చేయి, మధ్యాహ్నం పప్పు కలిపిన చేయి ఒకటే కదా. నా మనసుకు రెండు మాటలూ ఒప్పుదలగానే ఉన్నాయి.

ఉన్నచోటనే అన్న మాట నాకు అక్కడ అర్థమైంది. ఈ పళ్లేన్ని ఎవరూ ఏ దేశానికీ పట్టుకుపోలేరు. తినాలంటే మనిషే దాని దగ్గరికి వచ్చి, నేల మీద కూర్చోవాలి.

కల్యాణమండపం సగంలో ఆగిపోయి ఉంది. కప్పు లేని స్తంభాలు ఆకాశం కింద నిలబడి ఉన్నాయి. ఖజానా సొమ్ము వాడాడన్న నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని, ఆ మరకలే ఇవని గోడ మీద రెండు ఎర్రటి గుర్తులు చూపిస్తారు. పిల్లకు ఆ కథ ఎక్కువసేపు చెప్పలేదు. పక్కనున్న లతామండపంలో స్తంభానికో తీగ నమూనా చూపించి, ధర్మవరం చీరల మీదికి ఇవి ఎలా ఎక్కాయో రేపు చూద్దామన్నాను.

ఆకలి నకనకలాడుతుంటే ఊళ్లో ఒక చిన్న పూటకూళ్ల ఇంటికి వెళ్లాం. అరుగు మీద అత్తాకోడళ్లు ఇద్దరు పెద్ద గిన్నె ముందు కూర్చుని అనపగింజలు పితుకుతున్నారు. అనపకాయలు మా వైపు చలికాలంలో వస్తాయి. గింజలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే పప్పు తొక్క వదిలి చటుక్కున జారుతుంది. తొక్క వేళ్లలో మిగులుతుంది. దాన్నే పితికిపప్పు అంటారు. పిల్ల తానూ చేస్తానంది. మొదటి గింజ ఎగిరి గడప అవతల పడింది.

"గట్టిగా కాదు తల్లీ, గింజ కళ్ల వైపు పట్టుకో, మెల్లగా అను," అంది అత్తగారు.

పదో గింజకు దాని చేయి తిరిగింది. ఆ తర్వాత అరగంటకు అదే పప్పు కూరై వచ్చింది. పలుచగా రుబ్బిన కొబ్బరి, ధనియాలు, లవంగాల వాసన. పక్కన రాగిముద్ద. ముద్దను నమలకూడదు, కూరలో అద్ది మింగాలని పిల్లకు చెప్పాను. ముందు భయపడింది, తర్వాత రెండో ముద్ద అడిగింది. పప్పు పైపొర పంటికి తగలగానే విరిగి, లోపల వెన్నలా ఉంది. ఇంత పనికి వాళ్లు తీసుకున్న డబ్బు చూస్తే నాకు మనసు చివుక్కుమంది. గిన్నెడు గింజలు పితకడానికి ఇద్దరు ఆడవాళ్ల పొద్దంతా పట్టింది.

చీటీ ఇలా రాసింది పిల్ల: పితికిపప్పు, రాగిముద్ద. అత్తాకోడళ్లు. లేపాక్షి. సంవత్సరం ఉండాల్సిన చోట ఏం రాయాలని అడిగితే కోడలు చెప్పింది. "అనపకాయలు వచ్చినన్ని రోజులు అని రాసుకో." అలాగే రాసుకుంది.

మూడో రోజు: నిమ్మలకుంట, ధర్మవరం

ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇంట్లో మరాఠీ మాట, ఆటలో తెలుగు పద్యం. తరాల నుంచి అలాగే నడుస్తోంది.

మేం వెళ్లిన ఇంట్లో ఒక పెద్దాయన నేల మీద తోలు పరుచుకుని రంధ్రాలు కొడుతున్నాడు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఎండబెడితే కాగితంలా పలుచబడి వెలుతురును లోపలికి రానిస్తుంది. దాని మీద గీత గీసి, నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నని రంధ్రాలు కొడతారు. సీత మెడలో హారం అంటే హారం గీయరు. హారం ఉన్నచోట తోలు తీసేస్తారు. దీపం ఆ ఖాళీలోంచి వచ్చి హారమవుతుంది. బొమ్మలు నేర్పే నాకు ఇంతకన్నా పెద్ద పాఠం లేదు. ఆయన ఒక రావణుడి బొమ్మను ఎత్తి బల్బు ముందు పట్టాడు. అప్పటిదాకా ఎండిన ఆకులా ఉన్న ఎరుపు ఒక్కసారిగా పండుమిరపకాయలా మెరిసింది. పిల్ల నోట మాట రాలేదు.

ఇప్పుడు ఎక్కువగా దీపాల గుమ్మటాలు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేస్తున్నారు. ఆట అడిగేవాళ్లు తగ్గారు. పూర్వం ఆట ఎలా ఉండేదని అడిగితే పెద్దాయన అన్నాడు:

"పొద్దుగూకగానే ఊరివాళ్లు మాకు అన్నం పెట్టేవాళ్లు. తెల్లవార్లూ మేం వాళ్లకు రామాయణం పెట్టేవాళ్లం. వాళ్లు పెట్టిన అన్నం ఎట్లా ఉంటే మా గొంతు అట్లా ఉండేది."

మధ్య మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించకపోతే నిద్రపోయేవాళ్లట జనం. మాకు వేయించిన వేరుశనగకాయలు, బెల్లం ముక్క పెట్టారు. ఇంటి ముందు నేల కొత్తగా అలికి ఉంది. పొట్టు కింద పడకుండా పిల్ల ఒడిలో పోగు చేసుకుంటుంటే ఆ ఇంటి ఇల్లాలు నవ్వి చాట తెచ్చి ఇచ్చింది. ఒక దీపపు గుమ్మటం కొన్నాం. బేరం ఆడలేదు, ఆడకూడదు కూడా.

ధర్మవరంలో మగ్గం మీద చీర చూశాం. అంచులో తీగను చూడగానే పిల్ల నోటు పుస్తకం తెరిచి, లేపాక్షిలో గీసుకున్న పుట పక్కన పెట్టి చూసుకుంది.

నాలుగో రోజు: తాడిపత్రి, కడప

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం. లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది కాబట్టి బుగ్గ. గోపురాలు పైదాకా కట్టలేదు. కానీ ఉన్న మేరకు ఖాళీ జాగా అన్నది లేకుండా చెక్కారు. ఎండ ఎక్కువై తొందరగా బయటపడ్డాం.

కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ ప్రదర్శనశాలకు వెళ్లాం. చుట్టుపక్కల పల్లెల నుంచి తెచ్చిన రాతి విగ్రహాలు చూస్తూ నడుస్తుంటే, లేపాక్షి రాతి పళ్లెం గుర్తొచ్చింది. ఇవి తమ ఊళ్లు వదిలి వచ్చాయి. రాకపోతే ఎన్ని మిగిలేవో, అదీ నిజమే. కాపాడాలంటే కదిలించక తప్పని వేళలు ఉంటాయి. విగ్రహం చీటీలో ఊరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది. చెక్కిన చేతి పేరు ఉండదు. వంట విషయంలో మనకు ఆ చీటీ కూడా లేదు.

నాకు ఒక కోరిక ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. మా రాయలసీమ జిల్లాల్లో ఎక్కడైనా ప్రదర్శనశాలకు కొత్త విస్తరణ కడితే, అందులో ఒక భోజనశాల ఉండాలి. అద్దాలు, ఖరీదైన బల్లలు అక్కర్లేదు. నేల మీద పంక్తి చాలు. సంగటి, ఊరుబిండి, పితికిపప్పు, ఉగ్గాణి, అలసంద వడలు. ఏ ఊరి వంటో ఆ ఊరి మనిషే వచ్చి వండాలి. పళ్లెం పక్కన చీటీ ఉండాలి: ఎవరు వండారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో అంత దూరపు వంటలకు ఆ గౌరవం ఇచ్చినప్పుడు, గుమ్మంలో ఉన్న వంటకు మనం ఇవ్వలేమా?

రాత్రి కారం దోశ. పెనం మీద దోశ ఉండగానే ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి మడిచి ఇచ్చారు. వెల్లుల్లి ఘాటుకు పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వదల్లేదు.

ఐదో రోజు: మళ్లీ కర్నూలు

మధ్యాహ్నానికి అమ్మ ఇల్లు చేరాం. సంగటి పొయ్యి మీద ఉంది. అమ్మ పెరట్లో రోటి ముందు పీట వేసుకుని ఊరుబిండి నూరుతోంది. వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు, కాల్చిన టమోటాలు, చింతపండు, చివర్లో ఉల్లిపాయ ముక్కలు వేసి ఒక్క పోటు. ఉల్లిపాయ నలగాలి, మెదగకూడదు. మెదిగితే అది ఊరుబిండి కాదని అమ్మ నియమం.

"అవ్వా, మిక్సీ ఉంది కదా లోపల?" అంది పిల్ల.

"ఉంది. వరద తర్వాత మీ అమ్మ కొనిచ్చింది." అమ్మ చేయి ఆపలేదు. "ఆ నీళ్లకు మంచాలు పోయాయి, బీరువా పోయింది, మీ తాత రాసుకున్న పుస్తకాలు పోయాయి. నీళ్లు తీశాక వచ్చి చూస్తే మోకాలి లోతు బురద. చీపురు పెట్టి తోస్తే ఇది తగిలింది. నా పెళ్లికి మా అమ్మ ఎక్కడ పాతించిందో అక్కడే ఉంది."

చెల్లెలు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు అమ్మ. పిల్ల వెళ్లి రోటి గుంట పక్కన, లేపాక్షిలో కూర్చున్నట్టే మోకాళ్ల మీద కూర్చుంది. పొత్రం తిరిగి తిరిగి రోటి లోపలంతా అద్దంలా నున్నబడి ఉంది. పై అంచు గరుకుగా ఉంది. అమ్మ వేలితో రోటి అంచున అంటిన ఊరుబిండిని తీసి దాని నోట్లో పెట్టింది.

పిల్ల చేయి తుడుచుకుని నోటు పుస్తకం తెరిచింది. ఊరుబిండి అని రాసింది. అవ్వ అని రాసింది. అవ్వ వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుంది అని కింద ఇంకో వరుస రాసింది. కర్నూలు అని రాసి తలెత్తింది.

"ఏ సంవత్సరం రాయాలి అవ్వా?"

"తిన్నాక రాసుకుందువులే. సంగటి చల్లారుతోంది, రండి," అని అమ్మ కొంగు దులుపుకుని లేచింది.